దేవయాని అడిగిన నవల

కేరళలో చేర్తల దగ్గర ఇంటింటికీ తిరిగి పుస్తకాలిచ్చే గ్రంథాలయం అమ్మాయిని, కొబ్బరి పీచు పని చేసే ముసలాయన గుమ్మంలోనే ఆపాడు. లోపల ఆయన భార్య దేవయాని మంచాన పడి ఉంది.

“నెమ్మదిగా మాట్లాడమ్మా, తనకి వినపడుతుంది. నేను చదవగలిగే పుస్తకం ఏదైనా ఇవ్వు. నాది మూడో తరగతి చదువు.”

“పిల్లల కథలున్నాయి చేట్టా,” అంది ఆ అమ్మాయి, అన్నని పిలిచే అక్కడి పిలుపుతో.

“అవి చదివితే ఊరుకుంటుందా? లావుపాటి నవలలు నమిలి మింగిన మనిషి. చూపు పోయాక నన్ను చదవమంటోంది.”

“పోయిన వారం ఇచ్చిన నవల ఏమైంది?”

“నాకు రెండు లైన్లు కూడబలుక్కునేసరికి తెల్లారిపోతుంది. అందుకే పేజీలు తిప్పుతూ నోటికొచ్చింది చెబుతున్నా. నిన్న కథలో పిల్ల తమ్ముణ్ణి కాలువలో ముంచేశా. ఇక నా వల్ల కాదమ్మా. పోయే మనిషిని మోసం చేస్తున్నా.”

“చేట్టా, ఆ నవలలో తమ్ముడే లేడు. దేవయాని చేచ్చి దాన్ని ఇదివరకే నాలుగుసార్లు చదివింది. ఈసారీ తనే పేరు చెప్పి తెప్పించుకుంది.”

ఆయన వెనక్కి తిరిగి లోపలి మంచం వైపు చూశాడు.

“అయితే దాన్నే ఇంకో పద్నాలుగు రోజుల గడువుకి రాసివ్వు.”

“రాస్తాను.”

“అన్ని రోజులు తను ఉంటుందంటావా?”