చుక్క నూనె

సెలవురోజు మధ్యాహ్నం లేత్ మెషీన్ మెకానిక్ తన గది తలుపు గడియ పెట్టుకుని, వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న భార్యకు ఫోన్ చేశాడు. అతని సున్తీ ఆపరేషన్ గాయం మానింది కానీ, మనసే ఇంకా కుదుటపడలేదు.

"డాక్టరు ఏమన్నాడండీ?"

"అంతా మానిపోయిందట. ఇక భయం లేదన్నాడు."

"మరి గొంతు అలా ఉందేం?"

"ఒక్కణ్ణే ఉన్నాను కదా... చేత్తో చేసి చూసుకున్నాను. మునుపటిలా లేదే. మంట తప్ప ఇంకేం తెలియలేదు."

"నూనె రాసుకున్నారా?"

అతనికి చెవులు వేడెక్కాయి.

"మెషీన్‌కి చుక్క నూనె తక్కువైతే షెడ్డంతా ఎగిరిపోయేలా అరుస్తారు. పైతోలు పోయాక ఉత్త చేత్తో రుద్దితే మండదా మరి?"

"సిగ్గేసింది."

"మీ ఒంటి దగ్గర మీకు సిగ్గేంటి? మెల్లగా, ఎక్కడ బాగుంటుందో కొత్తగా వెతుక్కోండి. తొందరేముంది?"

"నువ్వుంటే బాగుండును."

"నాకు మాత్రం అనిపించట్లేదా?"

అతను ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు.

"నువ్వొచ్చేసరికి అన్నీ తెలుసుకుని ఉంటానులే."

"అన్నీ వద్దు. నేను వెతకడానికి కూడా కాస్త ఉంచండి."