వరసలో మూడో టోపీ

కెంటకీ కొండల మధ్య ఒక చిన్న ఊరు. మార్చి నెల, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గ్లెన్నా ఇనప సామాన్ల కొట్టు ముందు ఆగిన పికప్ బండిలో వెర్లిన్, అతని భార్య లవోన్.

"ఇంకా ఎంతసేపు ఇలా?"

"గ్లెన్నా తలుపు తీసేదాకా. కాఫీ తాగు."

"తాగి తాగి కడుపులో గడబిడగా ఉంది. ఏమయ్యా, అందరూ బండ్లలో ముడుచుకు కూర్చుంటే ఇక వరసెక్కడుంది?"

"అదుగో, అరుగు మీద బల్ల. దాని మీద టోపీలు కనిపిస్తున్నాయా? అదే వరస. ఎవరి టోపీ ముందుంటే వాళ్ళు ముందు. చలిలో నిలబడలేక మనవాళ్ళు పెట్టుకున్న పద్ధతి. టోపీకి ఒక తూటాల పెట్టె."

"మనిషికి ఒకటి అన్నావు రాత్రి."

"మనిషికైనా టోపీకైనా ఒకటే. అందుకేగా నిన్ను లాక్కొచ్చింది."

"నన్ను కాదు, నా టోపీని. పువ్వుల టోపీ, తోటపనికి పెట్టుకునేది. అంతమంది మగవాళ్ళ టోపీల పక్కన అది చూడు ఎలా ఉందో."

"ఎలా ఉంటే ఏం. గురువారం లారీలో అయిదారు పెట్టెలకి మించి రావడం లేదు. మన టోపీలు నాలుగోది, అయిదోది. ఫరవాలేదు, దొరుకుతాయి."

"దొరికితే ఏం చేస్తావు?"

"తూటాలు ఏం చేస్తారే? ఇంట్లో పెడతా."

"అదే అడుగుతున్నా. మనింట్లో ఉడత మాంసం వండి రెండు శీతాకాలాలైంది. గోడ మీంచి తుపాకీ దించితే కదా నువ్వు."

"కాలిస్తే అయిపోవూ?"

"నువ్వేమన్నావో నీకు వినిపించిందా?"

"నవ్వకు. నీకు తెలీదు లవోన్. ఉడతల్ని కొట్టే ఈ పాయింట్ ఇరవైరెండు రకం తూటాలు ఒకప్పుడు చిల్లర డబ్బులకొచ్చేవి. ఎండాకాలం ఎవడూ వేటకి పోడు కదా, కొట్టువాళ్ళే పిలిచి అంటగట్టేవాళ్ళు. నేనేం చేశాను? ఇంకా తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది అని కూర్చున్నా. ఈలోగా ఎన్నికలొచ్చాయి. ఇక తూటాలు అమ్మనివ్వరట అని రేడియోలో ఎవడో కూశాడు. మర్నాటికి కొట్లన్నీ ఊడ్చిపెట్టినట్టు ఖాళీ."

"అది ఎప్పటి మాట."

"ఎప్పటిదైనా. ఆ ఏడు మా తమ్ముడి ముందు చెయ్యి చాపాను నేను. అందరూ భోజనాల బల్ల దగ్గరుండగా వాడు జేబులోంచి తీసి, మొక్కజొన్న గింజలు విదిల్చినట్టు నా పళ్ళెం పక్కన విదిల్చాడు. నువ్వూ ఉన్నావు అక్కడ."

"ఉన్నా. నేనూ నవ్వాను, ఏం లేదులే అని. నువ్వింత మనసులో పెట్టుకుంటావని నాకేం తెలుసు?"

"అప్పుడే ఒట్టేసుకున్నా. ఇంకెప్పుడూ అడగను, అడిగే పరిస్థితి తెచ్చుకోను అని."

"సరే, అయితే ఎప్పుడు కొనాలంటావు?"

"చవగ్గా ఉన్నప్పుడు."

"ఇప్పుడు చవకా?"

"ఎక్కడ చవక. మండిపోతున్నాయి."

"మరి?"

"ఇప్పుడు దొరకడం లేదుగా. చవగ్గా ఉన్నప్పుడు కొనాలి. దొరకనప్పుడు ఇంకా కొనాలి."

"అంటే ఎప్పుడూ కొంటూనే ఉండాలి."

"అలా అంటే ఎలా."

"మరెలా అనాలి? మెట్ల కింద అరలోంచి నిలవ చిక్కుడు సీసా తీయాలంటే ముందు నీ పెట్టెలు జరపాలి. జరపలేక నడుం పట్టేసింది మొన్న. పచ్చళ్ళన్నీ గరాజులోకి పోయాయి. ఇంకెన్ని పెట్టుకుంటే నీకు చాలు?"

"మెల్లగా. అద్దం దించి ఉంది."

"వింటే వింటారు."

"వినకూడదు. మన దగ్గర ఉన్నాయని ఎవరికీ తెలీదు. ఒక్కడికి ఇచ్చామా, ఆదివారం చర్చి వదిలేసరికి లోయలో వాళ్ళంతా మన గుమ్మంలో ఉంటారు. కాదని ఎవరినంటాం?"

"అందుకేగా గ్లెన్నా అడిగితే నేనూ లేవని చెప్పాను. నువ్వు చెప్పమన్నావని చెప్పాను. ఆవిడ మొహం చూడలేక మేకులు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చేశా."

"చిన్న అబద్ధానికి అంత ఇదైపోతే ఎలా."

"నీకలవాటైపోయింది. సరే, ఆ మూడో టోపీ ఎవరిది?"

"ఏది?"

"మన ముందుది. ఎర్రది. అంచుకి చేపల గాలం గుచ్చి ఉంది, దీపం కింద మెరుస్తోంది చూడు. ఎక్కడో చూశానే దాన్ని. ఏమయ్యా, కప్పు ఒలుకుతోంది. చూసుకో. కాలు కాలుతుంది."

"అది హోబర్ట్ బాబాయి టోపీ."

"ఛ, ఊరుకో. ఆయన పోయింది జనవరిలో. శవపేటిక ముందు పిడి పట్టుకుని మోసింది నువ్వే."

"ఆయనదే. ఆ గాలం నేనే గుచ్చాను, చిన్నప్పుడు."

"మన టోపీలు పెట్టినప్పుడు చూడలేదా నువ్వు?"

"చీకటి. అరుగు మీద దీపం ఇంకా వెయ్యలేదు. అప్పటికే మూడున్నాయి, పక్కన పెట్టి వచ్చేశా. ఎవరివో ఎవరు చూస్తారు?"

"అయితే ఓర్ఫా పిన్ని తెచ్చి ఉంటుంది. అవునవును, అదుగో, కరెంటు స్తంభం దగ్గర ఆవిడ ఆకుపచ్చ బండి. లోపల తలగుడ్డ కట్టుకుని ఆవిడే. చెయ్యి ఊపుతానుండు."

"వద్దు. ఊపకు. తల దించు."

"ఎందుకు దించడం?"

"దించమన్నానా."

"నువ్వు దించావుగా, చాలు. ఆ స్టీరింగు కిందికి ఎలా దూరావయ్యా ఈ వయసులో? పాపం, ఆవిడకి తూటాలెందుకో. తుపాకీ ఒహాయోలో ఉన్న అల్లుడికిచ్చేసింది. అంత్యక్రియల మర్నాడు, నా ముందే."

"అదే. తుపాకీ లేదు, తూటాలతో పని లేదు. మరెందుకొచ్చింది? నా కోసమే వచ్చింది."

"నీ కోసమేమిటి?"

"నన్ను చూడ్డానికి. నేనీ వరసలో ఉండగా చూడ్డానికి. అందుకే ఆ టోపీ తెచ్చి పెట్టింది. పద, ఇంటికి పోదాం."

"మన టోపీలో?"

"పోతే పోయాయి."

"ఆ పువ్వుల టోపీ మా అక్క ఇచ్చింది. పోయి పట్టుకురా."

"ఆవిడ బండి ముందు నించి పోవాలి. నువ్వెళ్ళి తీసుకురా."

"నేను కదలను. ముందు చెప్పు, ఏం చేశావు ఆవిణ్ణి?"

"ఆవిణ్ణి ఏం చెయ్యలేదు."

"మరెవర్ని చేశావు?"

"ఎవర్నీ ఏం చెయ్యలేదు."

"వెర్లిన్."

"అక్టోబర్లో బాబాయి మనింటికొచ్చాడు, గుర్తుందా?"

"నేను ఆపిల్ జామ్ కాస్తున్న రోజు. ముక్కుకి ఆ గొట్టం, చేతిలో ఆక్సిజన్ సిలిండరు. మెట్లెక్కడానికే అంతసేపు పట్టింది ఆయనకి. వెళ్ళేటప్పుడు ఒక సీసా ఇచ్చి పంపాను. కుక్కపిల్ల ఏమైనా ఉందా అని అడగడానికొచ్చాడన్నావు."

"కుక్కపిల్ల కోసం కాదు. పిడికెడు తూటాలు అడిగాడు."

"పిడికెడా? పెట్టె కూడా కాదా?"

"నాలుగైనా చాలన్నాడు. ఆకులు రాలిపోకముందే ఒక్కసారి కొండ మీద ఆ హికరీ చెట్టు కింద కూర్చుని రావాలని ఉందన్నాడు. ఉడతలు బాగా దిగుతున్నాయిట. కొట్టు కొట్టు తిరిగే ఓపిక లేదన్నాడు."

"నువ్వేమన్నావు? అటు చూడకు. నా వైపు చూసి చెప్పు. ఏమన్నావు?"

"లేవన్నాను."

"మెట్ల కింద అన్ని పెట్టుకుని."

"ఒకటిస్తే..."

"ఒకటిస్తే ఎవరికి చెప్పేవాడు ఆయన? ఊపిరే అందని మనిషి, లోయంతా చాటింపు వేసేవాడా?"

"ఆ నిమిషానికి అలా వచ్చేసింది నోట్లోంచి. రోజూ చెప్పే మాటేగా, అలవాటుగా వచ్చేసింది. వచ్చాక వెనక్కి ఎలా తీసుకోను? ఆయన ఇంకా నా వైపు చూస్తున్నాడు. నమ్మలేదేమో అనిపించి..."

"ఇంకేం చేశావు?"

"డ్రాయరు లాగి చూపించాను."

"ఏ డ్రాయరు?"

"ముందుగదిలో బల్లకుంది చూడు, అది. పూర్వం తూటాలన్నీ అందులో పడేసేవాణ్ణి. ఆయనకి తెలుసు. చూడు బాబాయ్, ఒక్కటి కూడా లేదు అని మొత్తం బయటికి లాగాను. ఒక సుద్దముక్క, తాళంచెవి ఉన్నాయి అందులో."

"ఆయనెక్కడ కూర్చున్నాడప్పుడు?"

"వదిలెయ్ లవోన్."

"ఎక్కడ కూర్చున్నాడు?"

"మెట్ల పక్క కుర్చీలో."

"అంటే వాటికే వీపు ఆనించి."

"మధ్యలో చెక్క తలుపుంది."

"చెక్క తలుపుంది. అవును, అది నిజమే, చెక్క తలుపుంది."

"ఏడవకు. ఎవరైనా చూస్తారు."

"నీకు తుపాకీ పట్టుకోవడం నేర్పిన మనిషయ్యా ఆయన. మీ నాన్న గనిలో ఉంటే నిన్ను వెంటేసుకుని తిరిగాడని నువ్వే చెప్తావు కదా అందరికీ. ఆయన పోయాక నేను వాళ్ళ వంటింట్లో నిలబడి పూటపూటా వండాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని, వెర్లిన్ లాంటివాడు ఉండడమ్మా అంది. నేను అవునన్నాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నాకు మాత్రం మొహం ఉందా?"

"నీకేం, సీటు కింద పెట్టుకున్నావుగా. లే. పిన్ని దిగింది. మన వైపే వస్తోంది."

"బండి తియ్యనా?"

"తీస్తే నేను దిగిపోతా. లే, సరిగ్గా కూర్చో."

"ఏం చెప్పను ఆవిడకి?"

"నన్నడగకు."

"వెర్లిన్, పూర్తిగా దించు నాయనా ఆ అద్దం. లవోన్, నువ్వూ వచ్చావా తల్లీ? ఇతనేమిటి, కింద వెతుకుతున్నాడు?"

"కప్పు పడిపోయింది పిన్నీ."

"చలిలో నిలబడ్డావేం పిన్నీ, ఎక్కి కూర్చో. నేను జరుగుతా."

"వద్దులే లవోన్, గ్లెన్నా తీసే వేళైంది. ఆ టోపీ చూసి జడుసుకున్నారా మీరు? గ్లెన్నా కూడా కిటికీలోంచి చూసి జడుసుకుంది. నేనే తెచ్చానని చెప్పాక గానీ ఆవిడకి ఊపిరి రాలేదు."

"పిన్నీ, నీకు తుపాకీ..."

"లేదుగా వెర్లిన్, అల్లుడికిచ్చేశా. నాకెందుకు తూటాలు? ఆ పెట్టె ఎటు నించి తెరుస్తారో కూడా తెలీదు నాకు. ఇది నీకు."

"నాకా?"

"నీకే. ఆయన చెప్పి పోయాడు. తూటాలొచ్చిన రోజున నా టోపీ పట్టుకెళ్ళి వరసలో పెట్టు, పెట్టె వెర్లిన్ చేతికియ్యి అన్నాడు. మంచు పడి మా దారి మూసుకుపోయింది, లేకపోతే ఎప్పుడో వచ్చేదాన్ని. దారి తెరిచాక ఇదే మొదటి లారీ."

"పిన్నీ, బాబాయి ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాడా మరి?"

"వెళ్ళకుండా ఉంటాడా లవోన్. నేనే భుజం పట్టి తీసుకెళ్ళాను. ఖాళీ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. ఈ ముసలాడి దగ్గర ఏం లేదని ఉడతలకి కూడా తెలిసిపోయింది ఓర్ఫా, బూటు మీదికొచ్చి కూర్చుంటున్నాయి అని ఒకటే నవ్వు. తూటాలు దొరకలేదని ఆయన బాధపడలేదు. ఆయన బాధంతా వెర్లిన్ గురించే."

"నా గురించా?"

"ఆ రోజు మీ ఇంటి నించి వచ్చి ఏమీ ముట్టలేదు. నేను అడక్కుండా ఉండాల్సింది అన్నాడు. ఆ పిల్లాడు మొహం ఎర్రగా చేసుకుని ఖాళీ డ్రాయరు లాగి చూపించాడు ఓర్ఫా, అంత ఎదిగినవాడు, లోపల పెళ్ళాం వంట చేసుకుంటుంటే, తన దగ్గర ఏం లేదో నాకు చూపించుకోవాల్సొచ్చింది, నేనే వాణ్ణి సిగ్గుపెట్టాను అన్నాడు. జబ్బు ఎక్కువయ్యాక కూడా అదే మాట. అడిగి వాణ్ణి సిగ్గుపెట్టాను, అడిగి వాణ్ణి సిగ్గుపెట్టాను అని."

"పిన్నీ, ఒక్క నిమిషం..."

"నన్ను చెప్పనీ లవోన్, మళ్ళీ నాకు ధైర్యం చాలదు. చూడు వెర్లిన్, లేనప్పుడు లేదని చెప్పడంలో సిగ్గేముంది? అందరికీ కరువే ఇప్పుడు. అదుగో, లోపల దీపం వేసింది గ్లెన్నా. దిగు, నాతో రా. పెట్టె నీ చేతికే ఇమ్మంటాను."

"దిగు వెర్లిన్. పిన్ని పిలుస్తోంది."

"దిగుతున్నా. పిన్నీ..."

"ఏం నాయనా? అయ్యో, ఏడుస్తావెందుకు, ఒక్క పెట్టేగా."

"ఉన్నాయి పిన్నీ. ఆ రోజూ ఉన్నాయి. బాబాయి కూర్చున్న కుర్చీ వెనకాలే ఉన్నాయి."