జనరల్ గారి పులిపిరి మీద వెంట్రుక

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ క్షవరం కత్తి అక్కడ పెట్టరా నాయనా, ఆటవస్తువు కాదది. సిపాయిగారమ్మాయీ, నువ్వు నా పక్కకి రా. పొద్దుట్నించీ రేడియోలో ఆ సరిహద్దు కొండ మాటే. మీ నాన్నేమో ఆ కొండ కిందే కాపలా. ఎక్కమంటారేమోనని నీ భయం, ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ కొండ సంగతి నాకంటే ఎవడికి తెలుసు?

అప్పట్లో నేను పటాలంలో క్షవరాలు చేసేవాణ్ణి. పక్క దేశంవాడు మన కొండెక్కి కూర్చున్నాడు. దింపేద్దామంటే వాడి దగ్గర అణుబాంబు. జనరల్ గారికి నిద్రల్లేవు. గడ్డానికి నురగ రాస్తుంటే, ఎక్కమంటావా, మానమంటావా అని నన్నడిగారు.

"నిన్నే?" అన్నాడు పక్క కొట్టు దర్జీ, మిషను ఆపకుండానే.

మరి నిన్నడుగుతారా? గొంతు మీద కత్తి పెట్టినవాడి మాటే ఎవరైనా శ్రద్ధగా వినేది. జనరల్ గారికి సరిగ్గా గొంతు నరం మీద ఓ పులిపిరి, దాని మీద ఒకే ఒక్క వెంట్రుక. నేనెప్పుడూ దాని జోలికి పోను. "అయ్యా, దీన్ని గీసెయ్యడం నాకు క్షణం పని. చెయ్యి కాస్త జారిందా, వెంట్రుకతో పాటు తమరూ పోతారు. కొండా అంతే" అన్నాను. ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? కత్తితో కానిది కత్తెరతో చూద్దామని, పెట్టె చంకన పెట్టుకుని నేనొక్కణ్ణే కొండెక్కాను. చలికి సబ్బునురగ గడ్డకట్టి మెట్లయింది, దాని మీదే నడిచాను. పైన శత్రువులు నెలల తరబడి క్షవరం లేక, ఎవడి గడ్డం ఎవడిదో తెలీకుండా ఒకళ్ళకొకళ్ళు చిక్కుపడిపోయి ఉన్నారు. నన్ను చూడగానే తుపాకులు కింద పెట్టి వరసలో నిలబడ్డారు. ఒక్క పూటలో అందరికీ గీకేశాను. రాలిన జుట్టుతో పక్కన ఇంకో కొండ లేచింది. ఇంతలో వాళ్ళ పెద్దాయన బాంబు మీట మీద వేలు పెట్టుకుని బయటికొచ్చాడు. నేను బెదిరితేగా? ఆయన్ని కుర్చీలో కూలదోసి, సగం మీసం తీసి ఆగాను. "నొక్కండి బాబూ. మిగతా సగం తియ్యడానికి లోకంలో ఎవడూ మిగలడు" అన్నాను. వేలు తీశాడు. సాయంత్రానికి అందరూ మూటలు సర్దుకుని దిగిపోయారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. సిపాయి కూతురు కొట్టలేదు.

"వాళ్ళు దిగిపోతే మా నాన్న అక్కడెందుకున్నాడు తాతా? పైన ఎవరున్నారు?"

మిషను ఆగింది. తాత కత్తి తుడిచి, మడిచి, పెట్టెలో పెట్టాడు.

వాళ్ళేనమ్మా. నేనెక్కలేదు. ఎవ్వరూ ఎక్కలేదు. జనరల్ గారు మొహం తుడుచుకుని లేచి, ఎక్కడానికి సిద్ధంగా ఉన్న కుర్రాళ్ళందర్నీ వెనక్కి పిలిచారు. పిరికివాడన్నారు జనం, నోరెత్తకుండా పడ్డారాయన. ఆ కుర్రాళ్ళలో మీ తాతొకడు. అప్పటికి మీ నాన్న పుట్టనేలేదు.

"మరి ఇప్పుడు ఎక్కమంటారా?"

తెలీదు తల్లీ. ఇప్పటి జనరల్‌కి గడ్డమెవరు గీస్తున్నారో. పాతాయనకి మాత్రం నిరుడు నేనే వెళ్ళి గీసొచ్చాను. ముసలివారయ్యారు. ఆ వెంట్రుక అలాగే ఉంది, తెల్లబడింది.

సరే, లేవండి, అన్నాల వేళయింది. నువ్వూ వెళ్ళి కడుపునిండా తిను. మీ నాన్న ఫోన్ చేస్తే ముందడిగేది అదేగా.