ఫోనుతో తిరిగే మోటారు

ఫోన్ నొక్కితే పొలంలో మోటారు తిరిగే స్టార్టరు బిగించి నెల కాకముందే, ఆ ఇల్లాలు మెకానిక్‌ను మళ్లీ పిలిపించింది.

“ఏమక్కా, పనిచేయడం లేదా?”

“భేషుగ్గా చేస్తోంది. మీ బావగారు మంచం దిగకుండానే మడి తడుపుతున్నారు.”

“మంచిదేగా. పొద్దున్నే అంత దూరం నడక తప్పింది.”

“ఆయనకు తప్పింది, నాకు చుట్టుకుంది. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, మూత ఎందుకు పెట్టలేదు, ఉల్లిపాయ ఇంత లావుగా ఎందుకు తరిగావు అంటారు. రోజు మొత్తంలో నా ఇష్టానికి నేను మెలిగేది ఆయన పొలం వెళ్లిన ఆ రెండు గంటలే, తమ్ముడూ.”

“ఇప్పుడేం చేయమంటావు?”

“ఆయన మోటారు పక్కన నిలబడి నొక్కితేనే తిరిగేలా చెయ్యి.”

“అది పాత స్టార్టరే కదక్కా.”

“అదే బిగించు.”

“బావ ఊరుకుంటాడా? ఏమని చెప్పను?”

“ఇంతకన్నా కొత్త రకం వచ్చిందని చెప్పు.”