మా అక్క పంటినొప్పి

ఏంటమ్మా, దవడ పట్టుకుని కూర్చున్నావ్? పన్నా? మరి డాక్టరుకి చూపించుకోవచ్చుగా... భయమా! సరిపోయింది. భయమంటే మా అక్కదే భయం. నీకు మామ్మ వరసవుతుంది, నువ్వు పుట్టకముందే పోయిందిలే. పళ్ళడాక్టరు బోర్డు కనబడితే రోడ్డు దాటి అవతలివైపు నడిచేది. అలాంటి మనిషి ఆరేళ్ళు, నవ్వకు, ఆరేళ్ళపాటు ప్రతి గురువారం పళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఒక్క పన్నుకీ జబ్బు లేకుండా! ఎందుకంటావా? చేప కోసం. ఆఁ, చేపే. ఉండు, మొదట్నించీ చెప్తాను.

మా బావది పుస్తకాల బైండింగు షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. నేనూ అక్కడే జిగురు రాస్తూ, అట్టలు కోస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు బావ ప్లాస్టిక్ సంచిలో ఎనిమిది చేపపిల్లలు పట్టుకొచ్చి షాపులో గాజుతొట్టిలో వేశాడు. అందులో నేను చెప్పే చేప అప్పటికి బొటనవేలంత. అమ్మినవాడు జాతి పేరేదో చెప్పాడుట, మా బావకి గుర్తులేదు, నాకు నోరు తిరగదు. నెల తిరిగేసరికి ఎనిమిదింట్లో ఇదొక్కటే మిగిలింది. మిగతా ఏడూ ఏమయ్యాయని అడక్కు. రెండేళ్ళకి మూర పొడుగైంది. నల్లగా, పళ్ళెంలా వెడల్పుగా. ఇక పళ్ళంటావా, అచ్చం మనిషి పళ్ళే, వరసగా! నీళ్ళు వేడిచేసే గాజు గొట్టం కొరికేసింది. తోక కొట్టిందంటే ఆరబెట్టిన అట్టలమీద నీళ్ళే నీళ్ళు. ఒకసారి తొట్టి తుడుస్తుంటే అక్క వేలు పట్టుకుంది. రక్తం! బావేమో, "పాపం ఆకలేసి ఉంటుందే" అన్నాడు. "నాకూ రోజూ ఆకలేస్తుంది, నేనెవర్నైనా కరిచానా?" అంది అక్క. ఆరోజు నుంచీ దానికీ ఈవిడకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. చేప అనేది కూడా కాదు, "వాడు" అనేది. వాడు నా ప్రాణానికొచ్చాడు, వాణ్ణెక్కడైనా వదిలేసి రండి. ఇదే పాట, పన్నెండేళ్ళు.

ఏమన్నావ్? అన్నేళ్ళు బతుకుతుందా అంటే... బతికిందమ్మా మరి, నేను చూశాగా. సరే, తర్వాత ఆ ఇల్లు అమ్మేశారు ఓనర్లు. మాకు దొరికింది పై అంతస్తులో రెండు గదులు, షాపేమో పక్క వీధిలో. ఆ గదుల ఓనరు తొట్టి సంగతి విని, "అన్ని నీళ్ళు నా శ్లాబు మొయ్యదు బాబూ, మీరొస్తే రండి, చేప మాత్రం రాకూడదు" అన్నాడు. బావ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అక్కేమో, "పీడా పోయింది" అని గిన్నెలు మోగించింది. మోగించింది కానీ, చేపని మేం తీసుకెళ్తామంటూ ఎవరొచ్చినా ముందు తనే వెళ్ళి నిలబడేది. ఒకాయన వచ్చీ రాగానే, "ఎన్ని కేజీలుంటుందండీ?" అన్నాడు. "మీరెన్ని కేజీలుంటారు?" అని తలుపేసేసింది. ఇంకొకాయన పెద్దమనిషే, తోటలో కొలనుంది, బోలెడు చేపలున్నాయి, వాటితో కలిసిపోతుందిలెండి అన్నాడు. "వాడు కలిసే రకం కాదు, మీ చేపల ఉసురు మాకెందుకు" అని పంపించేసింది. బావ నావైపు చూస్తాడు, నేను బావవైపు చూస్తాను. పీడా అంటుంది, పోనివ్వదు!

ఆఖరికి ఒక పళ్ళడాక్టరమ్మ, బైండింగుకిచ్చిన లావుపాటి వైద్యం పుస్తకాలు తీసుకెళ్ళడానికొచ్చింది. పుస్తకాల మాటే మర్చిపోయి తొట్టి ముందు వంగి, "అబ్బ, పళ్ళెంత బాగున్నాయండీ!" అంది. వాడు ధడేల్‌మని అద్దానికి గుద్దుకున్నాడు. ఆవిడ వెనక్కి జరగలేదు. "కోపం కూడా ఉందే," అని నవ్వింది. వాళ్ళ ఆస్పత్రిలో పేషెంట్లు కూర్చునే గదిలో గోడ పొడుగునా కొత్త తొట్టి కట్టించిందిట, ఇంకా ఏమీ వెయ్యలేదుట. అక్క ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "సరే" అంది. అంతే, సరే అనేసి లోపలికెళ్ళిపోయింది.

పెద్ద డ్రమ్ములో వేసి ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాం. మూత నేను పట్టుకున్నాను, లోపల్నుంచి వాడు గుద్దుతుంటే నా మోచేతులు అదిరిపోయాయి. అక్క డ్రమ్ము పక్కన కూర్చుని, "నోర్మూసుకుని కూర్చో, వచ్చేశాం" అంటూ దారి పొడుగునా తిడుతూనే ఉంది. అక్కడ దింపాక డాక్టరమ్మకి అప్పగింతలు మొదలెట్టింది. "క్యారెట్ సన్నగా తరక్కండి, మింగేసి తర్వాత బాధపడతాడు. ఎర్ర బట్ట కట్టుకుని దగ్గరికెళ్ళకండి. మధ్యాహ్నం రెండింటికి ఏదో ఒకటి పడాలి, లేకపోతే ఊరుకోడు." బావ తెల్లబోయాడు. "రెండింటికా? రెండింటికి నేను పడుకుంటానుగా, ఎవరు పెట్టేవాళ్ళే?" అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "ఎండగా ఉంది, పదండి" అంది.

ఇంక వారం తిరగలేదు, అక్కకి పంటినొప్పి! లవంగం పెట్టుకోవే అంటే వినదు. సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. పై గురువారం ఇంకో పన్ను. ఆ పై గురువారం చిగురు. రెండు నెలలయ్యాక డాక్టరమ్మ షాపుకొచ్చి బావతో, "అయ్యా, మీ ఆవిడ పళ్ళు ఉక్కుముక్కలు. ఊరికే చేపని చూడ్డానికి రమ్మనండి, ప్రతిసారీ నోరు తెరిచి కూర్చోక్కర్లేదు" అంది. నేను పగలబడి నవ్వుతుంటే బావ నా నెత్తిన ఒకటిచ్చాడు. "అక్కకి చెప్పావంటే చంపేస్తాను. ఉండనీరా, అదొక్కటి." ఆరేళ్ళు, ఏమీ ఎరగనట్టు, "ఏమే, ఇవాళ ఏ పన్ను?" అని అడిగేవాడు. ఆవిడ కూడా తడుముకోకుండా చెప్పేది, పైవరసలో మూడోది, కుడిపక్క చివరిది...

తర్వాత ఒక గురువారం పొద్దున్నే షాపుకి ఫోనొచ్చింది. డాక్టరమ్మే. బావ "అలాగేనమ్మా" అని పెట్టేశాడు. ఇంటికెళ్ళేసరికి అక్క తయారై కూర్చుంది. "ఇవాళొద్దులే, డాక్టరమ్మ ఊరెళ్ళిందిట" అన్నాడు బావ. అక్క ఆయన మొహంలోకి చూసింది. "ఊరెళ్ళింది డాక్టరమ్మా, వాడా?" అంది. సంచి తీసి కొక్కేనికి తగిలించి వంట మొదలెట్టింది. ఆ వారమంతా ఆ ఊసే లేదు. మళ్ళీ గురువారం వచ్చింది. చూస్తే సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగుతోంది. "ఇప్పుడెందుకే?" అన్నాడు బావ మెల్లిగా.

"ఇప్పుడు నిజంగానే నొప్పిగా ఉందండీ" అంది.

...

ఆఁ? ఏంలేదు. అదిగో, పైన ట్యాంకు పొంగుతున్నట్టుంది, చప్పుడు విను. వెళ్ళి మోటారు కట్టెయ్యి తల్లీ.