భుజం మీద చెయ్యి

బ్యాండు చివరి ఆల్బమ్ అట్ట కోసం ఎంచిన ఫొటోను డిజైనర్ తెర మీద పెద్దది చేసింది. పక్క కుర్చీలో డ్రమ్మర్ తల దించుకుని కూర్చున్నాడు.

“అట్ట మీంచి నన్ను తీసెయ్యక్కా.”

“నలుగురున్న ఫొటోలో నువ్వొక్కడివే చేదా?”

“పాడే అన్నే యాక్సిడెంట్లో పోయాడు. డ్రమ్ములు కొట్టేవాడి మొహం ఎవడిక్కావాలి?”

“మీ అన్న చెయ్యి నీ భుజం మీదే ఉంది. నిన్ను తీసేస్తే అది గాల్లో వేలాడుతుంది.”

“చెయ్యి కూడా చెరిపెయ్యి.”

“ఈ ఫొటో ఏరిచ్చింది మీ వదిన. ఆ చెయ్యి అట్ట మడతలో పడకుండా చూడమంది. పొద్దున మళ్ళీ ఫోన్ చేసింది.”

“ఏమంది?”

“కృతజ్ఞతల పేజీలో ఒక మాట వెయ్యమంది. ‘నా భర్త నిద్రమత్తులో వ్యాను నడిపి మీ అందరి ప్రాణాల మీదికి తెచ్చాడు, క్షమించండి’ అని.”



“అన్న వెనకసీట్లో పడుకున్నాడక్కా. నడిపింది నేను. పోలీసులకి అన్న పేరు చెప్పాను.”

ఆమె మౌస్ వదిలేసి, ఫోను అతని ముందుకు జరిపింది.

“రేపు అచ్చుకి పోతుంది. ఆ మాట వెయ్యొద్దని మీ వదినకి నువ్వే చెప్పు.”

అతను ఫోను ముట్టుకోలేదు.

“ముందు నన్ను తీసెయ్యక్కా. తర్వాత చేస్తాను.”