సంతకం పెట్టని కాయితం

కూసో వెన్నెలా. మీ పాత ఇంటికి గడ్డపార పడ్డది గద, చప్పుడు ఈడిదాక ఇనబడ్డది. ఏందా చేతిల, కరెంటు కాయితమా? మీటరు తీసేయమని దరఖాస్తా? మీ అత్త ఎంకమ్మ సంతకం పెట్టనంటున్నదా? "ఒక్కసారి తీస్తే మల్ల ఇయ్యరే, ఆఫీసు సుట్టు తిరిగి చెప్పులు అరుగుతయి" అన్నదా? అంటది. నేను గూడ గదే మాటన్న, నా బిడ్డ జ్యోతితోని. నువ్వు సూడలే దాన్ని. నువ్వు ఎంకపల్లికి కోడలై రాకముందు ముచ్చట, తొమ్మిదేండ్లాయె.

మాది గప్పుడు పెంకుటిల్లు. ఐటీ వాళ్ళొచ్చి జన్వాడ దిక్కు భూములు కొనుడు షురూ చేసిండ్రు. మా ఆయనకు గాడ ఒక ఫాంహౌస్‌ల వాచ్‌మన్ నౌకరి దొరికింది, గా జీతం మీదనే స్లాబు ఇల్లు మొదలువెట్టినం. మీటరు నా పేరు మీదున్నదన్న మాటే గని, బిల్లొస్తే సదివేది జ్యోతి, కట్టొచ్చేది జ్యోతి, రసీదు తీగకు గుచ్చేది జ్యోతి. ఇల్లు కూలగొట్టిన నాడు సంగయ్య మేస్త్రి నవ్విండు. "ఏం బిడ్డా, ఇల్లంత పోతుంటే నువ్వు తీగ పట్టుకోని నిలవడ్డవ్?" అని. "గోడలు నువ్వు మల్ల కడతవ్ మామా, రసీదులు కడతవా?" అన్నది. నోరు గట్లుండె దానిది. నవ్వితే ఈ పక్క పన్ను మీద పన్ను కనబడేది. వాళ్ళ నాయినమ్మకు గూడ అట్లనే... ఏం చెప్తున్న? ఆ, మీటరు.

గోడ పోయింది గద, బోర్డు తీసి బయట ఒక కట్టెకు కట్టినం. మీద గోనెసంచి కప్పినం. పొద్దుమాపు గోడలకు నీళ్ళు పట్టాలె, మోటరు నడవాలె. "అమ్మా, ఇది ఇంటి మీటరు. కట్టుబడికి వేరేది తీసుకోవాలె, ఇది తీసేయమని రాద్దం" అన్నది. "ఒక్కసారి తీస్తే మల్ల ఇయ్యరే, పనాగితే మేస్త్రి ఇంకో ఇల్లు వట్టుకుంటడు, నీకేం ఎరుక" అన్న. మొయినాబాద్‌ల కంప్యూటర్ నేర్వబోతుండె. ఓనాడు గాడ్నే టైపు చేసి కాయితం తెచ్చింది. అంతా ఇంగ్లీషు. నాకేం తెలుస్తది? "జర కింద సంతకం పెట్టమ్మా" అన్నది. రొట్టెలు చేస్తున్న, చేతులకు పిండి. "మల్ల సూద్దం తియ్" అన్న. తీసి బైబిల్ల పెట్టిన. సంతకమైతే పెట్టలే.

పదైదు రోజులకు వానొచ్చింది, మోటరు నడుస్తనే ఉన్నది. బంద్ చేద్దమని నేనే లేసిన. "నువ్ కూసో, నేను పోత" అన్నది. గోనెసంచి తడిసి ఉన్నది, బోర్డు తడిసి ఉన్నది. చప్పుడు గూడ కాలే వెన్నెలా. చేవెళ్ల దవాఖానకు తీస్కపోయినం. ఏమో, తీస్కపోవాలె గనక తీస్కపోయినం.

నలభై రోజులైనంక నేనే పోయిన ఆఫీసుకు, గా కాయితం పట్టుకోని. "ఏం రాసున్నది సారూ, జర సదువున్రి" అన్న. కిటికీ కాడి సారు తెలుగుల చెప్పిండు. "బోర్డు బయట కట్టెకు ఉన్నది. వానలొస్తున్నయి. మోటరు రోజూ మా అమ్మనే ఏస్తది. మా అమ్మకు కరెంటు కొడుతదేమోనని భయమైతున్నది. జల్ది తీసేయున్రి." సంతకం నాది గావాలె గని, రాసింది దాని మాటలే, గంతే ఉండె. తారీకు సూసిండు. "రాసి రెండు నెలలు కావస్తున్నది గదమ్మా, ఇన్నొద్దులు ఏం చేసినవ్?" అన్నడు. పెన్నిచ్చిండు. పెట్టిన.

ఊ.

మీ మోటరు ఎవరేస్తున్నరు ఇప్పుడు? నువ్వా?

ఎంకమ్మ ఇంట్లనే ఉన్నదా? నా చెప్పులు ఇటు జరుపు.